పేరు చెప్పడానికి ఐదు సెకన్లు

ఆస్పత్రి పరిపాలనాధికారి గారి సముఖమునకు, కంప్యూటర్ గది రెండవ టెక్నీషియన్ సమర్పించుకొను నాలుగవ అర్జీ.

అయ్యా,

విషయం: మన ఆస్పత్రి కంప్యూటర్లలో ఒకదాని పేరు మరొకటి అడిగిన ప్రతిసారీ ఐదు సెకన్లు ఆలస్యమగుట - అందుకు కారకుడైన మొదటి టెక్నీషియన్‌ను (నాకు తోడల్లుడు) సస్పెన్షన్‌తో సరిపెట్టక ఉద్యోగము నుండి శాశ్వతముగా తొలగించుట - గురించి.

సూచిక: 1) నా పూర్వపు అర్జీలు మూడు. 2) తమ కార్యాలయపు మెమో, నిన్నటిది.

రేపు ఉదయం పదకొండు గంటలకు సదరు తోడల్లుడి మీద విచారణ జరుగనున్నది. ఆయన నెమ్మదిగా, నవ్వుతూ మాట్లాడే రకం. తమరంతటి వారిని కూడా మాటల్లో పెట్టగలడు. కావున ఈ క్రింది సంగతులు ముందుగానే తమ దృష్టికి తెచ్చుచున్నాను. ఈ అర్జీకి వాడిన తెల్లకాగితాలన్నిటి మీదా, రాయకముందే, ఇన్‌వార్డు గుమాస్తా చేత ముద్ర వేయించి పేజీ నంబర్లు వేయించుకున్నాను. మధ్యలో ఎవరూ ఒక కాగితం లాగేసి ఇంకొకటి దూర్చకుండా ఈ జాగ్రత్త. "ఖాళీ కాగితాలకి ముద్రేంటండీ, నా ఉద్యోగానికి ఎసరు పెడతారా?" అని గుమాస్తా గొణిగాడు. ఎందుకు గొణిగాడో కూడా తమరు ఆరా తీయవలసి ఉన్నది.

1. ఈ నెల మూడవ తేదీ మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాల నుండి మన కంప్యూటర్లు నత్తనడక నడుచుచున్నవి. ఈ విద్య తెలియనివారికి కూడా అర్థమగునట్లు మనవి చేస్తాను. ప్రతి కంప్యూటరుకూ ఒక నంబరు ఉంటుంది. నంబర్లు మనుషులకు గుర్తుండవు కాబట్టి రక్తపరీక్ష, స్కానింగు, మందులగది అని పేర్లు పెట్టుకున్నాం. ఒక కంప్యూటరు ఇంకొకదానితో మాట్లాడాలంటే ముందు పేర్ల సర్వర్‌ను "మందులగది నంబరెంత?" అని అడగాలి. అది చెప్పాకే ఏ పనైనా. ఇదంతా రెప్పపాటులో అయిపోయేది. ఇప్పుడు ఐదు సెకన్లు పడుతోంది. ఒక రక్తపరీక్ష రిపోర్టు వార్డుకు చేరాలంటే నాలుగు పేర్లు అడగాలి. నాలుగైదులు ఇరవై. రోజుకు తొమ్మిది వందల రిపోర్టులు. లైను మెట్ల మీదికి పాకింది. రక్తపరీక్షల గదిలో అమ్మాయి నాతో అన్న మాట యథాతథంగా రాస్తున్నాను: "బటన్ నొక్కి, మంచినీళ్లు తాగి, సీసా మూత బిగించి వచ్చినా అది ఇంకా తిరుగుతూనే ఉంటోందండీ." మొన్న ఆపరేషన్ గది బయట ఒక పెద్దావిడను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, రిపోర్టు రాలేదని పావుగంట అలాగే ఉంచారు. నేను పక్కనుంచి వెళ్తుంటే ఆవిడ నా చొక్కా అంచు పట్టుకుని, "నాయనా, నా రక్తం ఎక్కడ ఆగిపోయిందంటావు?" అని అడిగింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

2. ఇది యంత్రానికి తనంతట తాను వచ్చిన జబ్బు కాదు. తనంతట వచ్చే జబ్బయితే ఓసారి మూడు సెకన్లు, ఓసారి ఏడు ఉండాలి. జ్వరం కూడా పూటకో రకంగా ఉంటుంది కదా. ఇది పొద్దున ఐదు, మధ్యాహ్నం ఐదు, సాయంత్రం ఐదు. ఇంత కచ్చితంగా ఉందంటే ఎవరో కొలిచి పెట్టినదే. పైగా నేను పేరు వాడకుండా నేరుగా నంబరుతో పిలిచి చూశాను. అవతలి కంప్యూటరు వెంటనే పలికింది. అంటే తీగలకు ఏ రోగమూ లేదు. పేర్ల సర్వర్‌ను నేరుగా దగ్గర కూర్చుని అడిగి చూశాను. అదీ ఠక్కున చెప్పింది. అడిగేది బాగానే ఉంది, చెప్పేది బాగానే ఉంది, మధ్యలో ఐదు సెకన్లు ఎవరో మింగుతున్నారు.

3. ఆ ఎవరో ఎవరన్నది ఇక చిన్నపిల్లవాడైనా చెప్పగలడు. రికార్డు గదిలోని పదకొండు కంప్యూటర్లకు మాత్రం ఈ ఆలస్యం లేదు. ఆ పదకొండూ అమర్చినది తోడల్లుడు. మిగతా నూట నలభై అమర్చినది నేను. నావన్నీ మూలుగుతున్నాయి, ఆయనవి పరుగెత్తుతున్నాయి. ఇంతకు మించి వేలిముద్రలు కావాలా? ప్రతి కంప్యూటరులోనూ అది ఎలా నడవాలో రాసి ఉండే ఒక ఫైలు ఉంటుంది; దాని విషయంలో మా గదిలో ఒక కట్టుబాటు ఉన్నది. రిటైరైన మా పెద్ద టెక్నీషియన్ గారు పెట్టినది. "పనిచేసే ఫైలును ముట్టుకోకండిరా. కొత్త మిషనొస్తే పాతదాని ఫైలు తెచ్చి అలాగే ఎక్కించండి" అనేవారు. నేను పదకొండేళ్లుగా ఆయన మాట జవదాటలేదు. తోడల్లుడు మాత్రం ప్రతి మిషనుకూ ఫైలును మొదటి నుంచి సొంతంగా రాసుకుంటాడు. ఎందుకని అడిగితే, "అందులో ఏముందో చదవకుండా ఎలా ఎక్కిస్తానయ్యా" అన్నాడు. పెద్దల మాట మీద గౌరవం లేనివాడు ఏ పనికైనా తెగిస్తాడు.

4. ఆయనకు ఇందులో ఏం లాభమని తమరు అడుగవచ్చును. పెద్ద టెక్నీషియన్ కుర్చీ ఆరు నెలలుగా ఖాళీగా ఉన్నది. దానికి అర్హులం ఇద్దరమే. నా కంప్యూటర్లు చెడితే కుర్చీ ఎవరికి పోతుందో వేరే చెప్పనక్కర్లేదు. పైగా ఇది ఈ ఆరు నెలల సంగతి కూడా కాదు. మా అత్తగారింట్లో ఏ మాటొచ్చినా "పెద్దల్లుడుగారిని ఓ మాట అడగండి" అంటారు. నన్ను ఫ్యాను రెక్కలు తుడవమంటారు. ఇద్దరం ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాం, వాళ్లు పై వాటా, మేము కింది వాటా. ఆయన నడిస్తే మా నెత్తిన చప్పుడవుతుంది. అంతటితో ఆగక, కిందటి నెల నుండి ఆఫీసులో నా కుర్చీ ఎత్తు రెండంగుళాలు తగ్గి ఉంటున్నది (ఆయన నాకన్నా పొట్టి). నా స్క్రూడ్రైవర్లలో నక్షత్రం మొన ఉన్నది ఒకటి మాయమై, మూడో రోజున దాని చోట అది ప్రత్యక్షమైనది. అడిగితే "నేనే వాడి పెట్టానయ్యా, చెప్పడం మరిచిపోయాను" అన్నాడు. అంత సులువుగా ఒప్పుకోవడమే నాకు అనుమానం కలిగించింది.

5. అందుచేత ఈ నెల మూడవ తేదీన, అందరూ భోజనాలకు వెళ్లిన వేళ చూసి, సర్వర్ల బీరువా పైన, వెనుక గోడవైపు, ప్రింటర్ రంగు వచ్చిన ఖాళీ అట్టపెట్టెలో ఒక చిన్న కెమెరా అమర్చాను. అది నా సొంత కెమెరా. దైవికంగా జబ్బు మొదలైనది కూడా ఆ రోజే. నేను ఎంత ముందుగా పసిగట్టానో తమరే గ్రహించగలరు.

6. తొమ్మిదవ తేదీ మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు తోడల్లుడు కెమెరాకు చిక్కాడు. చేతిలో చిన్న నోటుపుస్తకం. ఒక మీట నొక్కుతాడు, చేతి గడియారం చూస్తాడు, పెదవులు కదుపుతాడు, పుస్తకంలో ఏదో రాసుకుంటాడు. మళ్లీ మీట, మళ్లీ పెదవులు. ఈ కెమెరాకు మాట వినబడదు. ఆ పెదవులను నేను పద్దెనిమిది సార్లు చూశాను. బయటివారెవరితోనో రహస్యంగా మాట్లాడుతున్నాడని నా నిశ్చితాభిప్రాయం. చెవి దగ్గర ఏమీ కనబడలేదు గనక ఆ పరికరం చాలా చిన్నదై ఉండాలి. తరువాత బీరువా వెనుక వంగి రెండు నిమిషాలు ఏదో వెతికాడు. లేచాక తిన్నగా నా అట్టపెట్టె వైపు చూశాడు. ఆ చూపులో భయం లేదు. తప్పు చేసి కూడా భయపడని వాడు మరీ ప్రమాదకరం. ఈ రికార్డింగును నా మూడవ అర్జీకి జతపరచి, తొమ్మిదవ తేదీ ముక్కను మాత్రమే చూడవలసినదిగా ప్రార్థించియుంటిని. మరునాడే తమరు ఆయనను సస్పెండ్ చేసినందుకు కృతజ్ఞుడను. ఆయన కాగితం తీసుకుని, క్యారియర్ గిన్నె సంచిలో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

7. ఆయన వెళ్లి నేటికి ఎనిమిది రోజులు. ఆలస్యం మాత్రం సెకను కూడా తగ్గలేదు. దీనిని బట్టి ఆయనకు లోపల మనుషులున్నారని తేలుచున్నది. నా అనుమానితులు: (అ) ఇన్‌వార్డు గుమాస్తా, గొణిగినందున; (ఆ) లిఫ్టు నడిపే పెద్దాయన, "మీ అన్నగారు ఎప్పుడొస్తారండీ" అని రోజూ అడుగుతున్నందున; (ఇ) నా భార్య. చివరి పేరు రాయడానికి చెయ్యి రాలేదు కానీ, తమ దగ్గర దాచకూడదు. మా మధ్య జరిగిన సంభాషణ ఇది.

"ఏమండీ, బావగారు ఆఫీసుకే రావడం లేదు కదా. మరి ఆయనెలా చేస్తున్నట్టు?"

"ఇంటినుంచి చేస్తున్నాడు."

"వాళ్లింట్లో కంప్యూటర్ ఎక్కడుందండీ? అక్క ఫోను పాడైతే నా ఫోనే అడిగి తీసుకెళ్తోంది."

"అదే అడుగుతున్నాను. నీ ఫోను ఎందుకడుగుతోంది?"

ఆవిడ నా ముఖంలోకి అదోలా చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పటినుంచి "అన్నం పెట్టాను" అనే మాట తప్ప ఇంకో మాట లేదు.

8. నిన్నటి తమ మెమోలో, సదరు రికార్డింగును అర్జీదారు మొదటి నుండి చివరి వరకు స్వయముగా చూచినట్లు ధ్రువపత్రము జతచేయనిదే విచారణలో సాక్ష్యముగా స్వీకరింపబడదని సెలవిచ్చారు. ఈ మెలిక పెట్టినది తమరో, తమ చుట్టూ ఉన్నవారో నాకు తెలియదు. ఏమైనా నేను చూడకుండా చూశానని సంతకం పెట్టే మనిషిని కాను. తొమ్మిదవ తేదీ తప్ప తక్కినది చూడలేదన్నది వాస్తవమే. ఇప్పుడు ఉదయం పది గంటలు. రికార్డింగు మొదటినుంచి పెట్టుకుని కూర్చుంటున్నాను. చూసిన పిదప తొమ్మిదవ అంశంలో ధ్రువపత్రము రాసి, తొలగింపు ప్రార్థనతో అర్జీ ముగించగలవాడను.

9. అయ్యా, ఇప్పుడు పదీ పదిహేను.

నేను మొత్తం చూడలేదు. మొదటి నిమిషం చూశాను. దాన్నే పదిహేను నిమిషాలుగా చూస్తున్నాను.

కెమెరాకు కరెంటు అందగానే అది మొట్టమొదట చూసింది నా ముఖాన్ని. చాలా దగ్గరగా, నుదుట చెమటతో ఉన్నాను. నవ్వుకుంటున్నాను. మెల్లగా వెనక్కి నడుస్తున్నాను. నా ఎడమ చేతిలో ఒక నల్లటి వైరు వేలాడుతోంది. వైరు చివర ప్లగ్గు ఉంది. మూలన గడియారంలో పన్నెండు గంటల నలభై నిమిషాలు.

బీరువా వెనుక ప్లగ్గులు పెట్టే చోట్లు ఎనిమిదే. ఎనిమిదీ నిండి ఉన్నాయి. ఆ రోజు కెమెరా కోసం ఒక ప్లగ్గు పీకాను. పీకినట్టు కూడా నాకు జ్ఞాపకం లేదు. ఎందుకంటే అది పనిలేని మిషను ప్లగ్గు. రెండేళ్ల క్రితం వరకు పేర్లు చెప్పిన పాత సర్వర్ అది. కొత్తది వచ్చాక దానికి పని లేకుండా పోయింది, కానీ ఆపమని రాతపూర్వక ఆదేశం ఎవరూ ఇవ్వనందున వెలుగుతూనే ఉంది. దాన్ని ఆపితే ఎవరికేం నష్టమనుకున్నాను.

10. ఎవరికేం నష్టమో తమకు మనవి చేసుకోవడం నా విధి.

నేను నూట నలభై కంప్యూటర్లకూ ఎక్కించిన ఫైలును పదకొండేళ్లలో మొదటిసారి ఇందాక తెరిచి చదివాను. పేర్లు ఎవరిని అడగాలో అందులో వరుసగా రాసి ఉంటుంది. మొదటి వరుసలో ఉన్నది ఆ పాత సర్వర్. రెండో వరుసలో కొత్తది, రెండేళ్ల క్రితం పెద్ద టెక్నీషియన్ గారు చేర్చినది. అంటే ఈ రెండేళ్లూ ప్రతి కంప్యూటరూ ముందు పాతదాన్నే అడుగుతూ వచ్చింది. పాతది "నాకు తెలియదు" అని వెంటనే చెప్పేది. వెంటనే చెప్పడం వల్ల అడిగినది క్షణం ఆగకుండా రెండోదాని దగ్గరికి పోయేది. నేను ప్లగ్గు పీకాక అది తెలియదని కూడా చెప్పలేకపోయింది. అడిగినది జవాబు కోసం ఐదు సెకన్లు నిలబడి, ఇక రాదని తేలాక రెండోదాని దగ్గరికి పోతోంది. ఆ ఐదు ఎవరూ కొలిచి పెట్టినది కాదు. ఎంతసేపు చూసి వదిలెయ్యాలో ఆ యంత్రానికి పుట్టుకతో ఉన్న లెక్క అది. తోడల్లుడు ఫైళ్లు సొంతంగా రాసుకున్నాడు కాబట్టి, చదివాడు కాబట్టి, ఆయన పదకొండింటిలో ఆ పాత వరుసే లేదు.

తొమ్మిదవ తేదీ ముక్కను మళ్లీ పెట్టుకున్నాను. ఈసారి ఆయన పెదవులతో పాటు నేనూ పెదవులు కదిపాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదు దగ్గర ఆయన నోరు మూతపడింది, పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన నా కంప్యూటర్ల జబ్బు వెతుకుతున్నాడయ్యా. ఎవరూ అడక్కుండానే, తన పని మానుకుని వెతుకుతున్నాడు.

కెమెరా పీకేశాను. పాత మిషను ప్లగ్గు మళ్లీ దాని చోట పెట్టాను. అది లేవడానికి మూడు నిమిషాలు పట్టింది. తరువాత రక్తపరీక్షల గదికి వెళ్లి ఆ అమ్మాయిని బటన్ నొక్కమన్నాను. తన సీసా మూత తిప్పబోతూ ఆగిపోయింది. "వెళ్లిపోయిందండీ! ఏం చేశారు సార్?" అంది. ఏం చేశానో చెప్పకుండానే గదికి తిరిగొచ్చాను. కాగితాల మీద ముందే ముద్ర వేయించుకున్నాను గనక పై ఎనిమిది అంశాలను చింపడానికీ వీల్లేదు. చింపాలని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. రికార్డింగు మొత్తం నా దగ్గరా ఉంది, తమ దగ్గరా ఉంది. తమరు తొమ్మిదవ తేదీ తప్ప చూడరని, ధ్రువపత్రం మీద కళ్లు మూసుకుని సంతకం పెడితే పోతుందని కూడా అనిపించింది. ఆ ఆలోచన కూడా నాదే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

11. కావున తమరు దయతో (అ) నా నాలుగు అర్జీలలోని ఆరోపణలన్నిటినీ అబద్ధములుగా నమోదు చేయవలెను; (ఆ) మొదటి టెక్నీషియన్‌ను విచారణ అవసరం లేకుండానే రేపే పనిలోకి తీసుకొనవలెను; ఆ నూట నలభై ఫైళ్లలో మొదటి వరుస తీసివేయు పని ఆయన చెప్పినట్లు నేను చేయగలవాడను; (ఇ) గుమాస్తాను, లిఫ్టు పెద్దాయనను, నా భార్యను అనుమానితుల జాబితా నుండి తొలగించవలెను; (ఈ) రేపటి పదకొండు గంటల విచారణ నా మీద జరిపించవలెను; (ఉ) తమ వద్దనున్న రికార్డింగును తొమ్మిదవ తేదీ నుండి కాక, మొదటి నిమిషం నుండి చూడవలెను. నేను చెప్పుకోవలసినది ఇంతే, తప్పు నాదిగా చిత్తగించవలెను.

తమ విధేయుడు
(ఈ మాటకు అర్హత ఉన్నదో లేదో తమరే నిర్ణయించవలెను)
రెండవ టెక్నీషియన్, కంప్యూటర్ గది

ఇంకొక మనవి: ఈ అర్జీ రేపు పొద్దున్నే తమ గుమాస్తా చేతికిద్దామని ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆవిడ చదివింది. చదివి, "ఆఫీసరుగారికి రేపు ఇద్దురుగాని, ముందు పైకి పదండి" అంది. నేను జంకుతుంటే తనే ముందు మెట్లెక్కింది.

తోడల్లుడు కుర్చీలో కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, మొదటి కాగితం నుంచి అన్నీ చదివాడు. చదవకుండా దేన్నీ వదిలే మనిషి కాదు కదా. స్క్రూడ్రైవర్ దగ్గర కొంచెం నవ్వాడు. పెదవుల దగ్గర నవ్వలేదు. వదినగారు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. నన్ను కూర్చోమనలేదు.

"ఆ ప్లగ్గు సంగతి నాకు ఆ రోజే తెలుసయ్యా," అన్నాడు. "వంగి చూస్తే పాతదాని వైరు కింద పడి ఉంది. దాని చోట ఇంకో వైరుంది. అది పట్టుకుని పైకి చూస్తే నీ అట్టపెట్టె."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు అన్నయ్యా? ఆఫీసరుగారికైనా చెప్పి ఉంటే నీ మీదికి ఇంత వచ్చేది కాదు కదా."

"ఆయనకి చెబితే నీ ఉద్యోగం పోతుంది. నీ వైరు పీకే ముందు నీకు చెబుదామనుకున్నాను. ఆ సాయంత్రం నువ్వు నాకు దొరకలేదు. తెల్లారితే నా చేతిలో సస్పెన్షన్ కాగితం ఉంది." కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆదివారం పదకొండున్నరకి కిందికొచ్చాను. మరదలు తలుపు తీసి, నువ్వు ఇంట్లో లేవంది. నిజంగా లేవా?"

మా ఆవిడ నేల చూపులు చూస్తోంది.

"ఉన్నాను అన్నయ్యా. పక్కగదిలో మంచం మీద కూర్చుని ఉన్నాను. లేనని చెప్పమన్నది నేనే."

ఆయన కాగితాలన్నీ అంచులు సరిచేసి నా చేతికిచ్చాడు.

"ఉద్యోగం పోయినా ఇంకోటి చూసుకునేవాణ్ణి," అన్నాడు. "ఈ కాగితం కింద ఇంకా చోటుంది. ఆదివారం సంగతి కూడా రాయి."

తన పెన్ను తీసి ఇచ్చాడు. కావున, సదరు ఆదివారం ఉదయం పదకొండున్నర గంటలకు నా తోడల్లుడు మా తలుపు తట్టిన సమయమున నేను ఇంట్లోనే ఉన్నాననియు, వినబడి కూడా పలకలేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.